దెబ్బతిన్నది పరికరమా, మిషనా? సైనిక నష్టాన్ని లెక్కకట్టే మోడళ్లు ఎలా పనిచేస్తాయి

క్లుప్తంగా: ఎన్ని ట్యాంకులు, ఎన్ని హెలికాప్టర్లు దెబ్బతిన్నాయన్నది ఒక లెక్క. ఆ దెబ్బ వల్ల అప్పగించిన పని, అంటే మిషన్, ఎంత మేరకు ఆగిపోతుందన్నది వేరే లెక్క. ఈ రెండింటి మధ్య మూడు విషయాలుంటాయి: పరికరంలో మిగిలిన సామర్థ్యం, పనికి కావలసిన సామర్థ్యం, చేతిలో ఉన్న సమయం. సగటును నమ్ముకోవడం, భాగాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకోవడం, మరమ్మతును పక్కన పెట్టేయడం. మోడళ్లు ఎక్కువగా తప్పేది ఈ మూడు చోట్లే.

## రెండు నౌకలు, రెండు ఫలితాలు

1941 మే 24న డెన్మార్క్ జలసంధిలో జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్, బ్రిటన్ నౌక హుడ్‌ను ముంచేసింది. ఆ పోరులో బిస్మార్క్‌కూ దెబ్బలు తగిలాయి. అయినా దాని ఎనిమిది 380 మిల్లీమీటర్ల ఫిరంగులూ పనిచేస్తూనే ఉన్నాయి, ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. కానీ ముందుభాగంలో తగిలిన ఒక గుండు వల్ల అక్కడి ట్యాంకుల్లోని ఇంధనం వాడుకోవడానికి వీల్లేకుండా పోయింది. బిస్మార్క్‌కు అప్పగించిన పని అట్లాంటిక్‌లో చాలాకాలం తిరుగుతూ సరకు నౌకలను వేటాడడం. ఇంధనం చాలని నౌకకు అది సాధ్యం కాదు. అందుకే ఫ్రాన్స్ తీరానికి దారి మళ్లింది. మే 26 సాయంత్రం, విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి వచ్చిన స్వోర్డ్‌ఫిష్ విమానాలు వదిలిన టార్పెడో ఒకటి చుక్కాని దగ్గర తగిలింది. చుక్కాని ఒక పక్కకు బిగుసుకుపోయింది. మర్నాడు బ్రిటిష్ నౌకలు చుట్టుముట్టాక బిస్మార్క్ మునిగిపోయింది. మొదటి దెబ్బ మిషన్‌ను తీసింది, రెండోది నౌకనే తీసింది. ఈ రెండూ తగిలిన క్షణానికి ఫిరంగులకు ఏమీ కాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో దొరుకుతుంది. మే 25న అర్జెంటీనా విమానాలు వదిలిన ఎక్సోసెట్ క్షిపణులు బ్రిటన్ సరకు నౌక అట్లాంటిక్ కన్వేయర్‌ను తగలబెట్టాయి. అందులో ఉన్న మూడు చినూక్, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు కాలిపోయాయి. సైన్యాన్ని గాలిలో తరలించాలన్న ప్రణాళికకు అది గట్టి దెబ్బే. అయినా సైనికులు బరువులు మోసుకుంటూ ద్వీపం ఒక చివరి నుంచి మరో చివరికి నడిచారు. గాలిలో మిగిలిన ఒకే ఒక్క చినూక్ విశ్రాంతి లేకుండా ఎగిరింది. జూన్ 14న స్టాన్లీలోని అర్జెంటీనా దళాలు లొంగిపోయాయి. నష్టం భారీగా ఉన్నా మిషన్ నిలబడింది. కాకపోతే ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ శ్రమ పడాల్సి వచ్చింది.

దెబ్బ పరిమాణాన్ని బట్టి ఫలితాన్ని ఊహించే మోడల్ ఈ రెండు సందర్భాల్లోనూ తప్పే చెబుతుంది.

## దెబ్బ నుంచి ఫలితం దాకా నాలుగు అంచెలు

1980 దశకంలో అమెరికాలోని అబర్డీన్‌లో ఉన్న సైనిక బాలిస్టిక్ పరిశోధనశాల నిపుణులు ఈ గందరగోళాన్ని విడదీయడానికి ఒక చట్రం తయారు చేశారు. దెబ్బకూ ఫలితానికీ మధ్య నాలుగు అంచెలు పెట్టారు. మొదటిది తాకిడి: ఏ ఆయుధం, ఏ కోణంలో, ఎక్కడ తగిలింది. రెండోది దెబ్బతిన్న భాగాల జాబితా: ఏ పంపు, ఏ కేబుల్, ఏ అద్దం పోయాయి. మూడోది మిగిలిన సామర్థ్యం: బండి ఎంత వేగంతో పోగలదు, ఫిరంగి ఎంత కచ్చితంగా పేల్చగలదు. నాలుగోది ఆ సామర్థ్యంతో అప్పగించిన పని అవుతుందా, కాదా.

చూడడానికి ఇది మామూలు వర్గీకరణలా ఉంటుంది. దాని విలువ అంచెలను కలిపేయకుండా ఉంచడంలో ఉంది. ఒక్కో అంచె నుంచి తర్వాతి అంచెకు వెళ్లే దారి వేరు, దానికి కావలసిన విద్య కూడా వేరు. మొదటి అంచె నుంచి రెండోదానికి వెళ్లడం భౌతికశాస్త్రం: కవచాన్ని చీల్చుకుని వచ్చిన శకలం ఎంత వేగంతో వస్తుంది, దేన్ని కోస్తుంది. రెండు నుంచి మూడుకు వెళ్లడం ఇంజనీరింగ్: ఈ కేబుల్ తెగితే టరెట్ (ఫిరంగిని మోస్తూ తిరిగే పైభాగం) తిరుగుతుందా. మూడు నుంచి నాలుగుకు వెళ్లడం సైనిక నిర్ణయం. టరెట్ నెమ్మదిగా తిరిగే ట్యాంకు ఈ కొండను పట్టుకోవడానికి పనికొస్తుందా అన్నది మెటలర్జీ చదివినవారు తేల్చే విషయం కాదు.

2000 దశకం తొలినాళ్లలో ఇదే ఆలోచనను పెంచి మిషన్స్ అండ్ మీన్స్ ఫ్రేమ్‌వర్క్‌గా మలిచారు. అందులో మొత్తం 11 మూలాంశాలు, అంటే ఏడు అంచెలు, వాటిని కలిపే నాలుగు మార్పు సూత్రాలు ఉంటాయి. పాత నాలుగు అంచెలకు పైన స్థలకాలాలు, పరిసర పరిస్థితులు, మిషన్ ఉద్దేశం చేరాయి. దీనివల్ల వచ్చిన అసలు మార్పు ఒకటుంది. భాగాల నుంచి పైకి ఎక్కే లెక్క, మిషన్ నుంచి కిందికి దిగే లెక్క సామర్థ్యం అనే అంచె దగ్గర కలుస్తాయి. కింది నుంచి ‘ఇంత మిగిలింది’ అని వస్తుంది, పై నుంచి ‘ఇంత కావాలి’ అని వస్తుంది. రెండింటినీ పోల్చడమే మోడల్ చేసే పని.

## భాగం పోయే సంభావ్యత

వాహనం త్రిమితీయ డ్రాయింగ్‌ను కంప్యూటర్‌లో పెట్టి, దానిగుండా వేల సరళరేఖలు గీస్తారు. వీటిని షాట్‌లైన్లు అంటారు. ఒక్కో రేఖ వెంట ఏయే భాగాలు ఏ వరసలో ఎదురవుతాయో నమోదవుతుంది. కవచం ఎంత మందం, దాని వెనక ఇంధన గొట్టం ఉందా, ఆ వెనక బ్యాటరీ ఉందా అన్నది అప్పుడు తెలుస్తుంది. శకలం బరువు, వేగం బట్టి ఒక్కో భాగానికి ‘తగిలితే పనిచేయకుండా పోయే సంభావ్యత’ కడతారు.

ఆ భాగాలన్నిటినీ ఫాల్ట్ ట్రీలో, అంటే ఏయే భాగాలు పోతే ఏ సామర్థ్యం పోతుందో చూపే చెట్టులాంటి పటంలో, కలుపుతారు. ఉదాహరణకు ‘గురి చూసి పేల్చడం’ అనే సామర్థ్యం ఎప్పుడు పోతుంది? ఫిరంగి గొట్టం పోతే పోతుంది. గురి చూసే పరికరాలైన ప్రధాన సైట్, అదనపు సైట్ రెండూ పోతే పోతుంది. టరెట్‌ను తిప్పే విద్యుత్తు, చేత్తో తిప్పే ఏర్పాటు రెండూ పోతే పోతుంది. ఇక్కడ ‘లేదా’, ‘మరియు’ అనే రెండు మాటలే మొత్తం ఫలితాన్ని శాసిస్తాయి. ‘మరియు’ పక్కన ఉన్న ప్రతి భాగం ఒక బ్యాకప్.

మొదటి పెద్ద తప్పు జరిగేది ఇక్కడే. ఒక తాకిడిలో ప్రధాన సైట్ పోయే సంభావ్యత 0.30, అదనపు సైట్ పోయే సంభావ్యత 0.20 అనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే రెండూ పోయే సంభావ్యత వాటి గుణకారం, 0.06. కానీ రెండు సైట్లూ టరెట్ పైన ఒకే పక్కన ఉంటే, మొదటిదాన్ని పగలగొట్టిన శకలాల గుంపే రెండోదాన్నీ తాకుతుంది. మొదటిది పోయినప్పుడు రెండోది పోయే సంభావ్యత 0.50 అనుకుంటే రెండూ పోయే సంభావ్యత 0.15 అవుతుంది. అంటే ఆ సంభావ్యత రెండున్నర రెట్లు. బ్యాకప్ ఉందని కాగితం మీద చూపించి, దాన్ని అసలు భాగం పక్కనే బిగిస్తే ఆ బ్యాకప్ విలువ చాలావరకు పోయినట్టే. విమానాల డిజైన్‌లో రెండు హైడ్రాలిక్ లైన్లను వేర్వేరు దారుల్లో నడిపించేది ఇందుకే.

ఇదే ఇబ్బంది నౌకల్లో ఇంకా తీవ్రంగా ఉంటుంది. 1982 మే 4న ఎక్సోసెట్ తగిలిన బ్రిటన్ నౌక షెఫీల్డ్‌లో మంటలార్పడానికి నీళ్లందించే ప్రధాన గొట్టం ఆ తాకిడికే పగిలింది. మంటలు పెట్టిన దెబ్బే మంటలార్పే సాధనాన్నీ తీసుకుపోయింది. నౌకను అదే రోజు వదిలేయాల్సి వచ్చింది. మే 10న లాక్కెళ్తుండగా మునిగింది. మంటను ఒక సంఘటనగా, నీటి గొట్టం వైఫల్యాన్ని మరో సంఘటనగా విడివిడిగా లెక్కేసే మోడల్‌కు ఈ ఫలితం అసలు కనపడదు.

## 0.5 అంటే ఏమిటి?

భూసేనల వాహనాలకు చాలాకాలం మూడు రకాల నష్టాలనే లెక్కించేవారు: కదలలేకపోవడం, కాల్చలేకపోవడం, వాహనం పూర్తిగా నాశనం కావడం. ఒక్కో భాగానికి అనుభవజ్ఞులు ‘ఇది పోతే కదలిక ఇంత మేర పోతుంది’ అని 0 నుంచి 1 మధ్య ఒక అంకె వేసి పట్టిక తయారు చేసేవారు. రకరకాల పోరాట సందర్భాలను కలిపి సగటు తీసిన అంకె అది. తర్వాత యుద్ధ సిమ్యులేషన్లలో ఆ అంకెను సంభావ్యతగా వాడేవారు. నష్టం ఎంత మేరకు అన్నదీ, నష్టం జరిగే అవకాశం ఎంత అన్నదీ వేర్వేరు ప్రశ్నలు. ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు.

ఒక వాహనాల బృందం 60 కిలోమీటర్లు పోవాలి. మామూలు వేగం గంటకు 40 కిలోమీటర్లు, కాబట్టి గంటన్నరలో చేరుతుంది. దెబ్బ తర్వాత ‘కదలిక నష్టం 0.5’ అని రిపోర్టు వచ్చింది. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. అన్ని వాహనాలూ సగం వేగంతో, అంటే గంటకు 20 కిలోమీటర్లతో పోతాయి. లేదా సగం వాహనాలు అక్కడే ఆగిపోతాయి, మిగతా సగం మామూలు వేగంతో పోతాయి.

గడువు నాలుగు గంటలైతే మొదటి రకంలో అందరూ సకాలంలో చేరతారు, రెండో రకంలో సగం మందే చేరతారు. గడువు రెండున్నర గంటలైతే మొదటి రకంలో ఒక్క వాహనమూ చేరదు, రెండో రకంలో సగం చేరతాయి. అంకె ఒకటే అయినా ఫలితం 0 నుంచి 100 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా గడువు మారితే ఏది మెరుగైన పరిస్థితో కూడా తారుమారవుతుంది.

అందుకే తర్వాతి పద్ధతులు సగటు అంకెను వదిలేసి, క్షీణ స్థితులను విడివిడిగా రాస్తాయి. ‘మామూలు వేగం’, ‘కాస్త తగ్గిన వేగం’, ‘బాగా తగ్గిన వేగం’, ‘కదలిక లేదు’ అని కదలికకే నాలుగు స్థితులు పెడతారు. కాల్పులకు, సమాచారానికి, గాలింపుకు ఇలాగే వేర్వేరు స్థితులుంటాయి. ఒక్కో తాకిడికి ఏ స్థితి కలయిక ఎంత సంభావ్యతతో వస్తుందో చెబుతారు. లెక్క పెద్దదవుతుంది గానీ ఏం పోయిందో, ఏం మిగిలిందో చదివేవారికి తెలుస్తుంది.

విమానాల విషయంలో సమయాన్నే కొలతగా పెట్టుకున్నారు. దెబ్బ తగిలిన 30 సెకన్లలోపు అదుపు తప్పితే ‘కె’ స్థాయి, 5 నిమిషాల్లోపు అయితే ‘ఎ’, 30 నిమిషాల్లోపు అయితే ‘బి’. తిరిగి రావడానికి 20 నిమిషాలు పట్టే విమానానికి ‘ఎ’ దెబ్బ అంటే విమానం పోయినట్టే. ‘బి’ దెబ్బ తగిలితే విమానం దక్కవచ్చు, దక్కకపోవచ్చు. విమానానికి పెద్ద ప్రమాదం లేకున్నా పని మానుకుని వెనక్కి రావాల్సిన స్థితిని మళ్లీ వేరే వర్గంగా చూస్తారు. మిషన్ లెక్కకు చాలాసార్లు ఈ చివరి వర్గమే ముఖ్యం.

## మిషన్‌ను ముందుగా రాయాలి

పై నుంచి కిందికి దిగే లెక్కలో మొదటి పని మిషన్‌ను పనులుగా విడగొట్టడం. ‘వంతెనను పట్టుకోవాలి’ అన్నది ఉద్దేశం. దాని కింద దళం నిర్ణీత చోటికి చేరడం, ఎదుటి ఒడ్డును గమనించడం, కాల్పులతో అణచడం, దాటడం, ఎదురుదాడిని ఆపడం ఉంటాయి. ఒక్కో పనికి మూడు అంకెలు తప్పనిసరి: కనీసం ఎన్ని పరికరాలు కావాలి, ఒక్కోదానికి కనీసం ఏ స్థాయి సామర్థ్యం ఉండాలి, ఏ సమయంలోపు పూర్తి కావాలి. ఈ మూడూ లేకుండా ‘మిషన్ విజయం’ అని రాస్తే తర్వాత ఎవరికి అనుకూలంగా వారు చదువుకుంటారు.

దశలను విడదీసినప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. ప్రయాణ దశలో ఫిరంగి అవసరం లేదు. కానీ ప్రయాణంలో ఫిరంగికి తగిలిన దెబ్బ దాడి దశలో బయటపడుతుంది. ఒక్కో దశ విజయ సంభావ్యతను విడిగా కట్టి గుణిస్తే తప్పవుతుంది, ఎందుకంటే అన్ని దశల్లోనూ ఉన్నది అవే వాహనాలు, అవే భాగాలు. ఒక దశ చివర ఏ స్థితిలో ఉన్నాయో అదే తర్వాతి దశకు ఆరంభం కావాలి.

## ఎనిమిదిలో ఆరు: ఈగిల్ క్లా లెక్క

1980 ఏప్రిల్ 24న ఇరాన్‌లో బందీలను విడిపించడానికి అమెరికా చేపట్టిన ఆపరేషన్ ఈగిల్ క్లా ఈ రంగంలో తప్పక చదవాల్సిన ఉదాహరణ. విమానవాహక నౌక నిమిట్జ్ నుంచి ఎనిమిది ఆర్‌హెచ్-53డి హెలికాప్టర్లు బయలుదేరాయి. ముందుకు సాగడానికి కనీసం ఆరు ఉండాలని ముందే నిర్ణయించుకున్నారు. ఒకటి రెక్కలో పగులు ఉండొచ్చని చూపే హెచ్చరిక వెలిగి ఎడారిలో దిగిపోయింది. మరొకటి దుమ్ము తెరలో దిశను, స్థితిని చూపే పరికరాలు పనిచేయక వెనక్కి తిరిగింది. మూడోది ఎడారిలోని కలుసుకునే చోటికి చేరింది గానీ హైడ్రాలిక్ లోపంతో ముందుకు పోలేని స్థితిలో పడింది. ఐదు మిగిలాయి. ఆపరేషన్ రద్దయింది. వెనుదిరిగే క్రమంలో ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది మరణించారు.

శత్రువు ఒక్క గుండూ పేల్చకుండానే ఆగిపోయిన మిషన్ ఇది. దీని లెక్క ‘ఎన్‌లో కె’ అనే తరహాకు, అంటే మొత్తం ‘ఎన్’ పరికరాల్లో కనీసం ‘కె’ పనిచేస్తేనే పని సాగే తరహాకు, చెందుతుంది. ఒక్కో హెలికాప్టర్ అవసరమైన చోటికి మంచి స్థితిలో చేరే సంభావ్యత 0.75 అనుకుందాం. ఇది ఉదాహరణకు వేసుకున్న అంకె మాత్రమే. ఎనిమిదిలో కనీసం ఆరు చేరే సంభావ్యత సుమారు 68 శాతం. సగటున ఆరు చేరతాయి కాబట్టి సరిపోతాయని అనిపిస్తుంది. కానీ సగటు సరిగ్గా గీత మీద ఉన్నప్పుడు మూడింట ఒకసారి గీత కింద పడతాం. పది పంపితే ఆ సంభావ్యత 92 శాతానికి, పన్నెండు పంపితే 98.6 శాతానికి పెరుగుతుంది. తర్వాత ఈ ఆపరేషన్ వైఫల్యంపై హాలోవే కమిషన్ జరిపిన సమీక్ష కూడా, అడ్డంకులు లేకుండా ప్రణాళిక వేసేవారు కనీసం 10, శాంతికాల గణాంకాలను బట్టి చూస్తే 12 వరకు హెలికాప్టర్లు కోరేవారని పేర్కొంది.

ఇప్పుడు వాతావరణాన్ని చేర్చి చూద్దాం. ఐదు సార్లలో ఒకసారి దుమ్ము తుపాను వస్తుందని, అప్పుడు ఒక్కో హెలికాప్టర్ చేరే సంభావ్యత 0.50కి పడిపోతుందని, మిగతా నాలుగు సార్లు 0.8125 ఉంటుందని అనుకుందాం. మొత్తం సగటు మళ్లీ 0.75. ఎనిమిది హెలికాప్టర్లతో ఫలితం దాదాపు మారదు, 69 శాతం దగ్గర ఉంటుంది. ఇది చూసి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఎవరైనా అనుకోవచ్చు. పన్నెండుతో లెక్కేస్తే అసలు సంగతి బయటపడుతుంది. వాతావరణం ప్రమేయం లేని లెక్కలో విఫలమయ్యే అవకాశం 1.4 శాతం. తుపానును చేర్చిన లెక్కలో అది 8 శాతం. ఐదు రెట్లకు పైగా తేడా. ఆ 8 శాతంలో దాదాపు అంతా తుపాను రోజుల నుంచే వస్తుంది.

అందరినీ ఒకేసారి తాకే కారణం ఒకటున్నప్పుడు సంఖ్య పెంచితే వచ్చే లాభాన్ని సాధారణ లెక్క బాగా ఎక్కువ చేసి చూపిస్తుంది. ఇంకో హెలికాప్టర్‌ను చేర్చడం కంటే తుపానును ముందే పసిగట్టే ఏర్పాటుకు ఎక్కువ విలువ ఉండొచ్చు. ‘ఎన్ని కావాలి’ అన్న ప్రశ్నకే పరిమితమైన మోడల్ ఆ ప్రత్యామ్నాయాన్ని అసలు పరిశీలించదు.

## మరమ్మతు గడియారం

దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉండిపోదు. యుద్ధక్షేత్రంలో వాహనాలను లాగి తెచ్చి, బాగుచేసి మళ్లీ పంపే వ్యవస్థ ఉన్న సైన్యం, అది లేని సైన్యం ఒకే నష్టం నుంచి వేర్వేరు ఫలితాలు పొందుతాయి. 1973 అక్టోబర్ యుద్ధంలో ఇజ్రాయెల్ తన దెబ్బతిన్న ట్యాంకులను పెద్ద సంఖ్యలో బాగుచేసి తిరిగి పోరులోకి దించింది.

మోడల్‌లో మరమ్మతును ఒకే ‘సగటు సమయం’గా పెట్టడం సులువు. సగటు 4 గంటలనుకుని, ఘాతీయ పంపిణీ (ఎంతసేపు గడిచినా, తర్వాతి గంటలో బాగయ్యే అవకాశం ఒకేలా ఉంటుందన్న అంచనా) తీసుకుంటే, 6 గంటల్లోపు బాగయ్యే సంభావ్యత 78 శాతం, 2 గంటల్లోపు అయితే 39 శాతం. నిజమైన మరమ్మతులు ఇలా నడవవు. చిన్న పనులు త్వరగా తేలిపోతాయి, కొన్ని మాత్రం చాలా ఆలస్యమవుతాయి. అందుకే ఈ తీరును చూపే లాగ్‌నార్మల్ పంపిణీ తరచుగా బాగా సరిపోతుంది. దానికన్నా ముఖ్యం, సమయాన్ని ముక్కలు చేసి చూడడం: దెబ్బ ఏమిటో తేల్చడానికి పట్టే సమయం, వాహనాన్ని లాగి తెచ్చే సమయం, విడిభాగం కోసం ఎదురుచూసే సమయం, బిగించే సమయం. చాలాసార్లు రెంచి పట్టుకుని పనిచేసే సమయం మొత్తంలో చిన్న భాగమే. విడిభాగం స్టాకులో లేకపోతే మెకానిక్కుల సంఖ్యను రెట్టింపు చేసినా ఫలితం కదలదు.

ఒకదాని భాగాలు తీసి మరోదానికి బిగించడాన్ని కూడా మోడల్ చూడాలి. నాలుగు వాహనాలు కదలలేని స్థితిలో ఉన్నాయి. రెండింటికి ట్రాక్ పోయింది, రెండింటికి ట్రాన్స్‌మిషన్ పోయింది. విడివిడిగా లెక్కిస్తే నాలుగూ పోయినట్టు. భాగాలు మార్చుకుంటే రెండు లేస్తాయి. కానీ నాలుగింటికీ ట్రాన్స్‌మిషనే పోతే ఒక్కటీ లేవదు. దెబ్బతిన్న వాహనాల సంఖ్య రెండు సందర్భాల్లోనూ నాలుగే. ఏ భాగం పోయిందో రాయని రిపోర్టు నుంచి ఈ తేడాను ఎవరూ తిరిగి రాబట్టలేరు.

## సిబ్బంది, నియమాలు

సామర్థ్యం నుంచి పనికి వెళ్లే మెట్టు మీద మనిషి ఉంటాడు. ఈగిల్ క్లాలో రెక్క హెచ్చరిక వెలగగానే హెలికాప్టర్‌ను వదిలేయడం ఒక నియమం ప్రకారం తీసుకున్న నిర్ణయం. అదే రకం హెచ్చరికతో మరికొంత దూరం ఎగరవచ్చా, లేదా అన్నది నియమం మీద, పైలట్‌కు ఆ యంత్రం గురించి తెలిసిన దానిమీద ఆధారపడుతుంది. వెనక్కి తిరిగిన హెలికాప్టర్ సిబ్బందికి ముందున్న కలుసుకునే చోట వాతావరణం తేటగా ఉందన్న సంగతి అందలేదు. రేడియో మౌనం పాటిస్తున్నారు. అంటే సామర్థ్యం ఎంత మిగిలిందన్నదే కాదు, సిబ్బందికి ఏం తెలుసన్నదీ ఫలితాన్ని మార్చింది.

అందువల్ల మంచి మోడల్‌లో ‘ఈ స్థితిలో సిబ్బంది ఏం చేస్తారు’ అనేది విడిగా రాసిన నియమంగా ఉండాలి. దాన్ని మార్చి చూసే వీలుండాలి. ఒక హెచ్చరిక దీపం మీద వెనుదిరిగే నియమాన్ని సడలిస్తే మిషన్ విజయం ఎంత పెరుగుతుంది, ప్రాణనష్టం ఎంత పెరుగుతుంది అన్న రెండు అంకెలనూ పక్కపక్కనే పెట్టాలి. వాటిలో ఏది ఎంచుకోవాలన్నది మోడల్ తేల్చదు, తేల్చకూడదు కూడా. ఆ బాధ్యత కమాండర్‌ది.

## అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి

పరికరాన్ని నిజంగా పేల్చి చూడడమే అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం. బ్రాడ్లీ అనే సాయుధ వాహనం పరీక్షల మీద రేగిన వివాదం తర్వాత అమెరికా 1986లో చట్టం చేసి, ప్రధాన ఆయుధ వ్యవస్థలను పూర్తిస్థాయి ఉత్పత్తికి ముందు నిజమైన మందుగుండుతో పరీక్షించడం తప్పనిసరి చేసింది. కానీ ఇలాంటి పరీక్షలు ఖరీదైనవి. కొన్ని పదుల పేల్చివేతల నుంచి వేల షాట్‌లైన్ల మోడల్‌ను సరిచూసుకోవాలి. పరీక్షకు ముందే మోడల్ ఏ భాగాలు పోతాయో రాసి పెట్టి, తర్వాత నిజంగా పోయిన వాటితో పోల్చాలి. ఫలితం తెలిశాక సర్దుబాటు చేసిన మోడల్‌కు అదే పరీక్షను రుజువుగా చూపించడం చెల్లదు.

యుద్ధక్షేత్రం నుంచి వచ్చే సమాచారంలో ఇంకో వక్రత ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కొలంబియా విశ్వవిద్యాలయంలోని గణాంక బృందంలో పనిచేసిన అబ్రహాం వాల్డ్ 1943లో దీన్ని గణితంలో పెట్టారు. తిరిగొచ్చిన విమానాల మీద రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి అక్కడ కవచం వేస్తే పొరపాటు. ఇంజన్‌కు దెబ్బ తగిలినవి చాలావరకు తిరిగి రాలేదు. వర్క్‌షాప్‌కు చేరిన వాహనాల నుంచి మాత్రమే తయారైన పట్టికలన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది. లాగి తేలేకపోయినవి అందులో ఉండవు.

## ఫలితాన్ని చదివే పద్ధతి

ఇలాంటి మోడళ్లను ఎక్కువగా మాంటే కార్లో పద్ధతిలో నడుపుతారు. ఒకే మిషన్‌ను యాదృచ్ఛిక అంకెలతో వేల సార్లు నడిపి, ఎన్నిసార్లు గెలిచిందో చూస్తారు. విజయ సంభావ్యత 0.8 దగ్గర ఉన్నప్పుడు 95 శాతం నమ్మకంతో 0.03 అటూఇటూగా తెలుసుకోవడానికి సుమారు 680 పరుగులు చాలు. 0.01 అటూఇటూగా కావాలంటే 6,150 దాకా కావాలి. రెండు డిజైన్లను పోల్చేటప్పుడు రెండింటికీ అవే యాదృచ్ఛిక అంకెలు వాడితే తేడా తక్కువ పరుగుల్లోనే తేలుతుంది. అయితే పరుగులు పెంచితే తగ్గేది యాదృచ్ఛిక దోషం ఒక్కటే. సైట్లు రెండూ కలిసి పోతాయన్న సంగతి మోడల్‌లో లేకపోతే పది లక్షల పరుగులు తీసినా ఆ తప్పు అలాగే ఉంటుంది.

ఏ భాగాన్ని ముందు బలపరచాలో తేల్చడానికి ఒక సూటి కొలత ఉంది. ఆ భాగం బాగున్నప్పుడు మిషన్ విజయ సంభావ్యత ఎంత, పోయినప్పుడు ఎంత, రెండింటి తేడాను ఆ భాగం పోయే సంభావ్యతతో గుణించాలి. ఒక భాగం 0.30 సంభావ్యతతో పోతుంది, పోతే మిషన్‌కు నష్టం 0.10. గుణిస్తే 0.03. మరో భాగం 0.05 సంభావ్యతతోనే పోతుంది గానీ పోతే నష్టం 0.90. గుణిస్తే 0.045. మరమ్మతు రిజిస్టర్లలో మొదటి భాగం పేరు ఆరు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కవచం మాత్రం రెండోదానికే ముందు వేయాలి. ఆ రెండో భాగం ఏదన్నది మిషన్‌ను బట్టి మారుతుంది. ఒకేచోట నిలబడి కాపలా కాసే ట్యాంకుకు ట్రాన్స్‌మిషన్ పోయినా కొన్ని గంటలు పని నడుస్తుంది. చొచ్చుకుపోయే దళంలో అదే ట్యాంకు దారికి అడ్డంగా ఆగి వెనకున్నవాటినీ ఆపేస్తుంది. కాబట్టి ఈ జాబితాను వాహనానికి ఒకటి చొప్పున కాకుండా మిషన్ రకానికి ఒకటి చొప్పున తయారు చేయాలి. పరికరంలో గానీ ప్రణాళికలో గానీ మార్పు వచ్చినప్పుడల్లా మళ్లీ లెక్కకట్టాలి.